అత్తింటి పుస్తె

"ఈమె మళ్లీ పెళ్లి చేసుకుంది సార్! ఇక నా క్లయింటు భరణం ఎందుకు కట్టాలి?"

మాజీ భర్త జగదీశ్ తరఫు లాయరు జగిత్యాల కోర్టులో ఫోటో చూపించాడు. కోరుట్లలో ఎవరిదో పెళ్లి. వడ్డిస్తున్న హేమలత మెడలో పసుపుతాడు, రెండు పుస్తెలు.

హేమలత చేయి చప్పున కొంగు మీదికి పోయింది.

"నిజం చెప్పక్కా," గొంతు తగ్గించి అంది ఆమె లాయరు శైలజ. "విడాకులైనా భరణం ఆగదు. మళ్లీ పెళ్లని తేలితేనే పోతది. ఒట్టి బీడీలు చుట్టి ఎట్ల బతుకుతవ్?"

ఆమె మళ్లీ పెళ్లి చేసుకుందనడంలో జగదీశ్‌కు అనుమానమే లేదు. విడాకుల కేసు నడుస్తుండగా, మధ్యంతర భరణం ఇంకా రాని రోజుల్లో, పుస్తెలు అమ్ముకుని తిన్నానని ఆమే చెప్పింది. మరి ఇవెక్కడివి?

"పెళ్లి కాలే సారు," అంది హేమలత. "ఒంటి ఆడిదానికి ఇల్లు కిరాయికియ్యరు. గందుకే ఏసుకుంటున్న."

"కతలు పడకు! ఎవడు కట్టిండో చెప్పు!" అరిచాడు జగదీశ్.

ఆమె తాడు తీసి బల్ల మీద పెట్టింది.

"నువ్వే చూసి చెప్పు, ఎవడు కట్టిండో."

ఒకటి తల్లిగారు పెట్టిన పుస్తె. రెండోది అత్తింటిది. పలచగా, కాస్త ఎర్రగా ఉంది. సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద కూలి తప్ప ఇంట్లో ఏమీ లేని రోజుల్లో, జగదీశ్ తల్లి రాజవ్వ తన ముక్కుపుడక కరిగించి చేయించింది.

జగదీశ్ దాన్ని గుర్తుపట్టాడు. "అమ్మిన అన్నవ్ గదా..."

"మీవోళ్లు అడిగి తీస్కపోతరని అబద్ధమాడిన."

కిరాయి ఇంటి కోసమే అయితే ఏ గిల్టు పుస్తెలైనా సరిపోయేవి. ఆ మాట అక్కడెవరూ అనలేదు.

భరణం ఆపాలన్న పిటిషన్ జడ్జి కొట్టేశాడు. భరణం నిలిచింది.

మెట్ల దగ్గర జగదీశ్ అడ్డం వచ్చాడు. "హేమా, నాకు తెల్వక..."

"వచ్చే నెల నీ లగ్గమంట గదా? గందుకే గీ పైసలు బరువైనయా?"

హేమలత తాడు ముడి విప్పింది. ఎర్ర పుస్తె తీసి అతని అరచేతిలో పెట్టింది.

"మీ అమ్మది. గా కొత్తామెకు కట్టు. భరణం మాత్రం నెలనెలా బ్యాంకులెయ్యి."

వెనక్కి చూడకుండా కోరుట్ల బస్సెక్కింది. మిగిలిన ఒక్క పుస్తెను కొంగున ముడేసుకుంది. ఒక్కటే ఉంటే ఎవరూ మెడలో వేసుకోరు.

పక్క సీటామె జరుగుతూ పలకరించింది. "ఏం పని జేస్తడమ్మా మీ ఆయన?"

హేమలత చేయి అలవాటుగా మెడ దగ్గరికి పోయింది. అక్కడ ఏమీ తగల్లేదు.