చెంచా మోత

స్రేతెన్‌కి మార్చి నెలలో కుడి పక్క పడిపోయింది. ఏప్రిల్ వచ్చేసరికి అతని కారు పనులన్నీ అతని భార్య స్తమెంకా నెత్తిన వేసుకుంది. మా గ్యారేజీల వరసలో అంతకంటే వింత ఇంకొకటి జరగలేదు.

మాది పిరోత్ ఊళ్ళో నాలుగంతస్తుల భవనం. దాని వెనకాల పదకొండు రేకుల గ్యారేజీలు. శనివారం పొద్దున్న కాఫీలు కాగానే మగవాళ్ళమంతా అక్కడ చేరతాం. ఒకడు ఆయిలు మారుస్తాడు, ఒకడు బ్యాటరీ కొనలకి గ్రీజు రాస్తాడు, ఇంకొకడు ఏ పనీ లేకపోయినా బానెట్ ఎత్తి పెట్టుకుని లోపలికి తొంగిచూస్తూ నిలబడతాడు. కారుని మెకానిక్కుకి అప్పగించడమంటే మాకు ప్రాణం మీదికొచ్చినట్టే. మా పిసినారితనం మీద దేశమంతా జోకులు వేసుకుంటుంది. వాటిలో సగం మేమే కట్టి వదిలాం, ఇంకెవరికీ అంత తీరిక లేక.

అలాంటి చోటికి యాభై ఎనిమిదేళ్ళ ఆడమనిషి, నడుముకి ఏప్రన్ కట్టుకుని, మొగుడి పానాల పెట్టె మోసుకుంటూ వచ్చింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయిలు లెవెల్ చూసే కమ్మీ ఎక్కడుందో కనుక్కోవడానికి ఆవిడకి పావుగంట పట్టింది.

అప్పుడే పైనుంచి మోత వినిపించింది. రెండో అంతస్తు కిటికీ దగ్గర కుర్చీలో స్రేతెన్. మాట పోయింది, కుడి చెయ్యి ఒళ్ళో చచ్చుబడి ఉంది, ఎడమ చేతిలో కాఫీ చెంచా. దానితో అద్దం మీద కొడుతున్నాడు. స్తమెంకా తలెత్తి చూసి, ఏం తప్పు చేశానో తెలియక, కమ్మీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను అతని కింద పంతొమ్మిదేళ్ళు బస్సు డిపోలో పనిచేసినవాణ్ణి. ఆ మోత నాకు అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుంది? కమ్మీని తుడిచి మళ్ళీ ముంచి చూడమంటున్నాడు వదినా, అన్నాను. ఆవిడ అలాగే చేసింది. పైన చెంచా ఒక్కసారి మెల్లగా తాకి ఆగిపోయింది. అదీ అతని అవును.

అప్పటినుంచి ప్రతి శనివారం అదే వరస. పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే మోత. ఎండలో వేడెక్కిన టైర్లకి గాలి కొలిస్తే మోత. ఆవిడ నా వైపు చూస్తుంది, నేను విప్పి చెబుతాను, ఆవిడ దిద్దుకుంటుంది, చెంచా మెల్లగా ఒక్క దెబ్బ వేసి ఊరుకుంటుంది. మంగళవారం మంగళవారం ఆవిడ అతన్ని అదే కారులో నిష్ నగరానికి తీసుకెళ్ళేది, మాట నేర్పే డాక్టరమ్మ దగ్గరికి. ఆ డాక్టరమ్మ ఒకే ఒక్క సంగతి గట్టిగా చెప్పిందట. అతను ఏదో చెప్పాలని చూడటం, అది ఎదుటివాళ్ళకి అర్థం కావడం, ఈ రెండూ ఆగకుండా జరుగుతుంటే మాట తిరిగొస్తుంది. చెప్పాలన్న ఆశ చచ్చిపోతే మాత్రం ఇక అంతే, ఏ మందూ లేదు. స్తమెంకా ఈ సంగతి నాకు చెబుతూ నా చెయ్యి పట్టుకుంది. ఇంట్లో నాకు ఒక్క ముక్కా అర్థం కాదు, ఆయన చెప్పేది తెలిసేది నీకొక్కడికే అంది.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. నేను మంచివాణ్ణని ఏనాడూ చెప్పుకోలేదు. డిపోలో చేరిన మొదటి వారంలో నేను బిగించిన చక్రాన్ని ఈ స్రేతెన్ ముప్పైమంది ముందు విప్పించాడు. నా రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని అందరికీ చూపించి, ఇవి పానా పట్టే చేతులు కావురా, పార పట్టే చేతులు అన్నాడు. ఆ రోజునుంచి నా పేరు పార. వుకాదిన్ అని నాకొక పేరుందని మా అత్తగారింట్లో కూడా మరిచిపోయారు. నా కూతురి పెళ్ళిలో బాకాలు ఊదేవాళ్ళ పెద్ద, మైకులో, ఇప్పుడు పార గారి అమ్మాయి కోసం ఒక పాట అన్నాడు. వియ్యాలవారు పడీపడీ నవ్వారు. స్రేతెన్ కూడా అక్కడే కూర్చుని మాంసం తింటూ నవ్వాడు.

అయినా ఆ వేసవి అంతా నేను నిజాయితీగానే చెప్పాను. అతని మాట నా నోటి మీదుగా రావాల్సిందే కదా, అదొక తృప్తి. జులైలో కారు హోస్ పైపు పగిలి, ఇంజనుని చల్లబరిచే కూలెంటంతా నేలపాలైతే పైపు నేనే మార్చాను. మా ఊళ్ళో వేసవిలో ఎవరూ కూలెంటు కొనరు. రేడియేటరు నిండా కుళాయి నీళ్ళు పోసి తిరుగుతారు. నవంబరులో మిత్రోవ్‌దాన్ పండుగకి ముందు శనివారం అందరూ ఆ నీళ్ళు బకెట్లలోకి వదిలేసి, చలికి గడ్డకట్టని పచ్చ కూలెంటు పోస్తారు. నీళ్ళు అలాగే ఉంటే శీతాకాలంలో గడ్డకట్టి ఇంజనుని చీల్చేస్తాయి. సగం ఏడాది కూలెంటు మిగిలిందని ఆనందం. ఇంకే ఊరివాళ్ళూ ఇంత తెలివితక్కువ పని చేయరు, మేం దాన్నే తెలివి అనుకుంటాం. ఆవిడ కారులోనూ కుళాయి నీళ్ళే పోశాను. తనకి చీకాకు లేకుండా గ్యారేజీ రెండో తాళంచెవి నా దగ్గరే ఉంచమంది.

సెప్టెంబరులో ఒక శనివారం ఆవిడ మెట్లు దిగుతూనే ఏడుస్తూ నవ్వుతూ వచ్చింది. స్రేతెన్ నోటివెంట ఆరు నెలల తరువాత మొదటి మాట వచ్చిందట. ఏమిటా మాట అని అందరం చుట్టూ మూగాం.

"పార అన్నాడు," అంది స్తమెంకా. "నిన్నే వుకాదిన్, కిటికీలోంచి నిన్నే చూపిస్తూ అన్నాడు."

వరసంతా ఒక్కసారి గొల్లుమంది. రిటైరైన బడిపంతులు రాంగెల్ నవ్వలేక మోకాళ్ళు పట్టుకున్నాడు. దేవుడు ఒక్క మాట తిరిగిస్తానంటే ఇది కోరుకున్నాడు చూడండ్రా అని ఒకడన్నాడు. ఆవిడ మాత్రం, పాపం, అదేదో నాకు గొప్ప బహుమానం తెచ్చినట్టు నా మొహంలోకి చూస్తోంది. తను చెప్పేది అర్థం చేసుకునే మనిషిని అతను పిలిచాడని ఆవిడ లెక్క. అదే నిజమేమో కూడా. ఆ రోజు నాకు అలా తోచలేదు. సగం చచ్చినా నన్ను వదలడు వీడు అనుకున్నాను. పళ్ళు నూరుకుంటూ నేనూ నవ్వాను.

పండుగకి ముందు శనివారం వచ్చింది. పది కార్ల కింద పది బకెట్లు. నీళ్ళు బుడబుడమని పడుతున్నాయి, రాకియా సారా సీసా చేతులు మారుతోంది. స్తమెంకా ఒక్కతే కారు కడుగుతోంది. కాసేపు మమ్మల్ని చూసి నా దగ్గరికి వచ్చింది.

"మాది కూడా తియ్యాలి కదా వుకాదిన్? జులైలో పోసింది నీళ్ళే కదా?"

నేను ముందుగా అనుకున్నది కాదు. నోరు దానంతట అదే ఆడింది. "మొన్న బుధవారమే తీసేసి కూలెంటు పోశాను వదినా. తాళంచెవి నా దగ్గరే ఉందిగా. నా దగ్గర పాతది కొంత మిగిలితే పాడు చెయ్యడమెందుకని నీ దాంట్లో పోసేశా."

ఆవిడ మొహం ఎంత వెలిగిందంటే, ఒక్క క్షణం నాకే నిజంగా పోశానేమో అనిపించింది. పైన మోత మొదలైంది. ఉత్త మోత కాదు, అద్దం పగిలిపోతుందేమో అన్నంత. అతనికి అన్నీ కనిపిస్తున్నాయి. పది బకెట్లు ఉన్నాయి, పదకొండోది లేదు. బుధవారమంతా కిటికీ దగ్గరే కూర్చుని ఉన్నాడు, గ్యారేజీ తలుపు తెరుచుకోలేదని అతనికి తెలుసు. స్తమెంకా పైకి చూసి, బెదిరిపోయి, ఏమంటున్నాడు అని అడిగింది.

"ఏం చెప్పమంటావు వదినా," అన్నాను మెల్లగా. "తన కారు మీద నేను చెయ్యి వేశానని ఓర్చుకోలేకపోతున్నాడు. పార గాడు ముట్టుకుంటాడా అని."

ఆవిడ నమ్మింది. స్రేతెన్‌ని ఎరిగినవాళ్ళెవరైనా నమ్ముతారు. మోత ఇంకా పెరిగింది. ఆవిడ చేతిలోని గుడ్డ నీళ్ళ బకెట్లో పడేసి, ఇంత సాయం చేసినవాడి మీదా నీ పొగరు అని కిటికీ వైపు అరిచి, మెట్లెక్కి పోయింది. కాసేపట్లో మోత ఠక్కున ఆగింది. సాయంత్రం ఆవిడ మా తలుపు కొట్టి, ఎర్ర మిరపకాయలు కాల్చి చేసిన పచ్చడి సీసా నా చేతిలో పెట్టి, ఆయన తరఫున క్షమించు అంది. ఆ పచ్చడి నేను వారంరోజులు రొట్టెలో పెట్టుకుని తిన్నాను. బాగుంది.

ఆ తరువాత శనివారాలు కిటికీ దగ్గర కుర్చీ కనిపించలేదు. చలికి లోపలికి జరిపి ఉంటారనుకున్నాను. నిజానికి దాని గురించి పెద్దగా ఆలోచించలేదు. నేను మంచు కోసం చూస్తున్నాను.

డిసెంబరులో ఒక సోమవారం రాత్రి చలి సున్నాకి పదహారు డిగ్రీలు కిందికి పోయింది. మంగళవారం తెల్లవారి నిష్ వెళ్ళడానికి ఆవిడ కారు తీసింది. బెల్టు కీచుమని అరిచింది, రబ్బరు మాడిన వాసన వచ్చింది, ఇంజను ఆగిపోయింది. రాంగెల్ వెళ్ళి బానెట్ ఎత్తాడు. నేనూ వెళ్ళాను. ఇంజను బ్లాకు మీద చిటికెనవేలంత పొడుగు చీలిక. పక్కన కూలెంటు పోసే ప్లాస్టిక్ డబ్బాలో గాజు ముక్కలా మంచుగడ్డ. రాంగెల్ గోటితో ఒక పెచ్చు పీకి నాలిక మీద పెట్టుకుని ఉమ్మేశాడు. పాత డ్రైవర్ల పద్ధతి అది, కూలెంటైతే తియ్యగా ఉంటుంది.

"ఉత్త నీళ్ళమ్మా," అన్నాడు ఆవిడతో. నా వైపు మాత్రం తిరగలేదు.

పోసింది పాతది కదా, పస పోయి ఉంటుంది అని నేను గొణిగాను. స్తమెంకా కళ్ళు నా మీదే ఉన్నాయి. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే తిరిగి నాలుగు అనేవాణ్ణి, కడుపులో ఉన్నదంతా కక్కేసేవాణ్ణి.

"అయితే ఆ రోజు ఆయన చెప్పింది ఇదేనన్నమాట," అంది. "నేను ఆయన చేతిలోంచి చెంచా లాగేశాను. కుర్చీని గోడవైపు తిప్పేశాను. ఒకరి మేలు చూడలేనివాడివి గోడ చూస్తూ కూర్చో అన్నాను. నెల దాటింది వుకాదిన్. మొదటి పదిరోజులు ఆయన ఎడమ చేత్తో గోడని కొడుతూనే ఉన్నాడు. వినిపించుకోలేదు."

అంతే చెప్పి పైకి వెళ్ళింది. ఆ మంగళవారం రాంగెల్ తన కారులో వాళ్ళని నిష్ తీసుకెళ్ళాడు. తిరిగొచ్చి నాతో కాదు గానీ నాకు వినపడేలా చెప్పాడు. డాక్టరమ్మ ఎన్ని బొమ్మలు చూపించినా స్రేతెన్ చూపు తిప్పలేదట. చెప్పడం మానేశాడమ్మా, ఇంక నన్నేం చెయ్యమంటారు అందట డాక్టరమ్మ స్తమెంకాతో. ఆ రాత్రి నేను బాగానే నిద్రపోయాను. దాచుకోవడం దేనికి, ముప్పైయేళ్ళ మంట చల్లారింది. ఆ చల్లదనం రెండు రోజులే ఉంది.

కుర్చీ మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చింది. స్రేతెన్ ఎడమ చేతిలో చెంచా కూడా ఉంది. నాలుగు శనివారాలు గడిచాయి. మేం ఎవరి పని వాళ్ళం చేసుకుంటూ, ఎవరూ చెప్పకుండానే గొంతులు తగ్గించి, చెవులు పైకి పెట్టుకుని ఉన్నాం. ఏమీ వినిపించలేదు. చెంచా మోగుతుందేమోనని మా వరసలో ఒకడు కావాలని ఆయిలు ఒలకబోశాడు. అయినా లేదు.

జనవరిలో స్తమెంకా కిందికి దిగింది. కారుని కిటికీ కిందికి తోసిపెట్టమని అడిగింది. నలుగురం తోశాం, నేనూ ఒక చెయ్యి వేశాను, ఆవిడ వద్దనలేదు. ఏప్రన్ జేబులోంచి గిన్నెలు తోమే ఇనుప పీచు తీసింది. అద్దంలా మెరిసే ఆ ముదురు ఎరుపు బానెట్ మీద పెట్టి, ఈ చివరనుంచి ఆ చివరకి రుద్దింది. పాతికేళ్ళు అతను దూదితో తుడిచిన రంగు. కీసుమన్న ఆ చప్పుడుకి రాంగెల్ మొహం తిప్పుకున్నాడు. ఆవిడ తలెత్తి కిటికీ చూసింది. స్రేతెన్ సరిగ్గా కారునే చూస్తున్నాడు, కళ్ళు తెరిచే ఉన్నాయి. చెంచా కదల్లేదు. ఆవిడ మళ్ళీ రుద్దింది, ఈసారి తలుపు మీద. మళ్ళీ పైకి చూసింది. ఊపిరి ఆవిరి ఆవిరిగా వస్తోంది ఆవిడకి.

తరువాత ఆవిడ నా ముందుకు వచ్చి ఆ పీచు నా చేతిలో పెట్టింది.

"నువ్వు రుద్దు. నువ్వు ముట్టుకుంటే ఓర్చుకోలేడన్నావుగా."

నేను రుద్దాను. రెండు చేతులతో, ముందు తలుపు దగ్గర మొదలుపెట్టి, వెనక దీపం దాకా, ఇనుము కనిపించేదాకా రుద్దాను. కొట్టరా అన్నాను లోపల, ఒక్కసారి కొట్టు, నన్ను ఏ పేరు పెట్టి పిలిచినా సరే. స్తమెంకా నా పక్కనే నిలబడి మెడ వెనక్కి వంచి కిటికీ వైపే చూస్తోంది. నేను ఆగితే, ఇంకా రుద్దు అంది. పైకప్పు కూడా అయ్యేదాకా ఆగనివ్వలేదు.