స్వరూప చక్రాల కింద

నా భార్య స్వరూప సైకిల్ తొక్కుతున్నప్పుడు, దారి కింద ఇంకొకడు తలకిందులుగా సైకిల్ తొక్కుతుంటాడు. అతని టైర్లు ఆమె టైర్లకు సరిగ్గా ఆనుకుని తిరుగుతాయి. మధ్యలో ఉండేది దారికి పోసిన మొరం ఒక్కటే, అదీ పలచగా.

ఈ సంగతి నాకు ఈ ఆదివారం పొద్దున తెలుస్తుంది. మేమిద్దరం ఆరో నంబరు బాయి దారిలో ఉన్నాం. బొగ్గుగనిని మా వైపు బాయి అంటారు. అది మూతపడి పదకొండేళ్లు. లారీలు రాకుండా దారికి రెండు కొసల్లోనూ బండరాళ్లు అడ్డం పెట్టారు. ఇప్పుడు ఇక్కడ లారీ లేదు, ఆటో లేదు, హారన్ లేదు. గని మట్టి పోసిన గుట్టల మీద తుమ్మలు మొలిచాయి. లావు టైర్ల సైకిళ్లు కొనుక్కుని హాయిగా తిరుగుదామన్నది నేనే. ఆ తెలివి నాదే.

ఆమె ముందు, నేను వెనక. ఆమె వెళ్తుంటే మొరం రెండుసార్లు గరగరమంటుంది, పైన ఒకసారి, కింద ఒకసారి. నాది ఒకటే గరగర. దిగి నేలకు చెవి ఆనిస్తాను. కింద చైన్ తిరుగుతోంది. తొక్కేవాడు ఈల కూడా వేస్తున్నాడు.

"నీ సైకిల్ కింద ఇంకో సైకిల్ ఉన్నది," అంటాను.

"ఎరుకే," అంటుంది స్వరూప, కాలు ఆనించి ఆగి.

"ఎవడు వాడు?"

"పేరడగలే."

"ఎప్పటిసంది?"

"ఈ మొరం దారి పట్టినప్పటిసంది. తారు రోడ్డు మీద తెల్వకపోతుండె. తారు మందం గదా."

ఆ జవాబులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే నాకు ఒళ్లు మండుతుంది.

నేను ఇరవై రెండేళ్లు ఈ బాయి గేటు దగ్గర మస్టర్ రాసిన గుమాస్తాను. దిగినవాడెవడు, ఎక్కినవాడెవడు, నా ఎర్ర సిరాకు తెలియకుండా ఎవడూ భూమిలో కాలు పెట్టలేదు. నేను మాత్రం ఒక్కనాడూ దిగలేదు. అలాంటిది, నా హాజరు పుస్తకంలో లేనివాడు నా భార్య చక్రాలకు చక్రాలు కలిపి, పైగా ఈల వేసుకుంటున్నాడు. ఇది అసూయే. దాచుకోవడానికి ఏముంది.

"నాకన్న వానికేం ఎక్కువున్నది?"

స్వరూప ఆలోచిస్తుంది. ఆమె ఆలోచిస్తున్నంతలో పక్కనున్న మట్టిగుట్ట నాలుగడుగులు జరిగి, ఆమె మీద నీడ పడేలా నిలబడుతుంది. నా మీద ఎండ అలాగే ఉంది.

"ఎక్కువేం లేదు," అంటుంది చివరికి. "నేను బ్రేకేస్తె వాడేస్తడు. నేను తిప్పితె వాడు తిప్పుతడు. ఏడికి పోతున్నవని అడగడు."

"నేనడిగితె తప్పా?"

"తప్పని ఎవలన్నరు? నువ్వు అడుగుతవు, వాడు అడగడు. గంతే."

ఆమె మళ్లీ ఎక్కి వెళ్లిపోతుంది. రెండు గరగరలూ కలిసి దూరమవుతాయి. నేను నా సైకిల్ కింద మడమతో మొరం గోకి చూస్తాను. మొరం కింద మట్టి, మట్టి కింద బొగ్గు తీసేసిన ఖాళీ.

"ఎవలన్న ఉన్నరా?" అని కేకేస్తాను.

"ఈడ ఎవలు లేరు," అంటుంది కింద నుంచి ఒక గొంతు. "లేరని చెప్పనీకి నేనున్న."

ఇంక ఊరుకోలేను. సైకిల్ నడిపించుకుంటూ దీపాల గదికి పోతాను. గదికి పైకప్పు లేదు, తలుపులు లేవు. బాయిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే కొమురయ్య చనిపోయి ఆరేళ్లయింది గానీ డ్యూటీకి నాగా పెట్టలేదు.

"ఓ దీపం ఇయ్యి కొమురన్నా. దిగాలె."

"మస్టర్ సారూ, మీ జోడీ ఏది?"

మా బాయిలోకి ఒంటరిగా ఎవరూ దిగరు. బొగ్గు ఎత్తేవాళ్లు ఎప్పుడూ ఇద్దరిద్దరు. ఒకడికి ఏమన్నా అయితే కేక వేయడానికి రెండోవాడు ఉండాలి. జోడీ రాలేదని ఎంతమందిని నేనే గేటు నుంచి ఇంటికి పంపానో.

"నా జోడీ పైన ఉన్నది," అంటాను.

"పైనుంటె జోడీ ఎట్లయితది?"

"అయితదో కాదో చూద్దామనే దిగుతున్న."

కొమురయ్యకు అది సబబుగానే తోస్తుంది. పుస్తకంలో 'జోడీ: చూడాలి' అని రాసుకుని, నా నెత్తిన టోపీ పెట్టి దీపం తగిలిస్తాడు.

ఏటవాలు సొరంగంలో సైకిల్ మీద దిగుతాను. సగం దూరం పోయాక పల్లం మిట్టగా మారుతుంది. జేబులోని దువ్వెన పైకి పడిపోతుంది. దాని వెనకే నేనూ పడి, సొరంగం కప్పు మీద చక్కగా చక్రాలు ఆనించి ఆగుతాను. ఇక్కడి నుంచి మొరం అడ్డం రాదు, పైలోకమంతా కనిపిస్తుంది. పైనుంచే ఏమీ కనిపించదు. స్వరూప చెప్పుల అడుగుభాగం కనిపిస్తుంది, గడ్డం కనిపిస్తుంది. ఆమె టైర్లకు ఇటువైపు వాడు.

నేననుకున్నంత అందగాడేమీ కాదు. బట్టతల, చొక్కాకు ఒక గుండీ లేదు. అందగాడైతే కొంత ఊరటగా ఉండేది.

"రాండ్రి మస్టర్ సారూ," అంటాడు మర్యాదగా, తొక్కడం ఆపకుండానే.

"ఎన్నేండ్లసంది ఉన్నవు ఈడ?"

"ఆమె సైకిల్ నేర్వకముందు నుంచి. అప్పుడు ఆమె నడుస్తుంటె అడుగుల కింద అడుగులు పెడుతుంటి."

"నిన్నెవరు పెట్టిన్రు ఈ పనిల?"

"ఎవలు పెట్టలే సార్. జాగ ఖాళీగుండె."

నేను వాడితో కొట్లాటకే వచ్చాను. దారి పొడుగునా తిట్లు కూడా సిద్ధం చేసుకున్నాను. తీరా "దిగు" అనగానే దిగేస్తాడు. "మెల్లగ సార్" అని ఒక్క మాట చెప్పి, సైకిల్ నడిపించుకుంటూ చీకట్లోకి పోతాడు. వాడి ఈల మాత్రం గాలిలో అక్కడే ఉండి, కాసేపటికి తనే ఆగుతుంది.

నా టైర్లు ఆమె టైర్లకు ఆనిస్తాను. ఆనగానే ఆమె బరువు నా మోచేతుల దాకా వస్తుంది. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆమె ఇంత బరువుంటుందని నాకు తెలియదు. ఆమె తొక్కుతుంది, నేను తొక్కుతాను. ఆమె బ్రేకు వేస్తుంది, నేను వేస్తాను. ఆమె గుంత తప్పిస్తే నా నడుము కూడా అటే వంగుతుంది. వంద గజాలు ఇలా పోతాం. నాకు పట్టరాని సంతోషం.

ముందు దారి రెండుగా చీలుతుంది. కుడివైపు మా క్వార్టర్లు. ఎడమవైపు నేనెప్పుడూ పోలేదు. స్వరూప ఎడమకు తిప్పుతుంది. ఏడికి పోతున్నవని నేను అడగను, నోరు గట్టిగా మూసుకుంటాను. చేతులు అడుగుతాయి. హ్యాండిల్ వెంట్రుకవాసి కుడికి తిరుగుతుంది.

ఆమె ఆగిపోతుంది. దిగి, కింద దారి వైపు చూస్తుంది.

"నువ్వా," అంటుంది.

కోపంగా కాదు. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పే గొంతుతో అంటుంది.

"నేనే స్వరూపా! ఇంకోసారి కుడికి తిప్ప. ఒట్టు!" అని అరుస్తాను. ఆమె నేలకు చెవి ఆనించదు. ఆనించాలని ఆమెకు తోచదు.

చైన్ పడిపోయినప్పుడు చేసినట్టు సైకిల్‌ను తిరగేసి, సీటూ హ్యాండిలూ నేల మీద ఆనిస్తుంది. చైన్ బాగానే ఉంది. ఆమె చక్రాలు రెండూ ఆకాశం వైపు తిరిగి ఉన్నాయి. పెడల్‌ను చేత్తో ఒకసారి తిప్పి వదిలేస్తుంది. నా టైర్ల మీద ఇప్పుడు ఏ బరువూ లేదు.

మట్టిగుట్టల మీదుగా, మబ్బులోంచి ఇంకో రెండు చక్రాలు దిగుతాయి. అవి తడిగా ఉన్నాయి, వాటికంటుకున్న తెల్లటి మొరం కొద్దికొద్దిగా రాలుతోంది. దిగి దిగి ఆమె చక్రాల మీద సరిగ్గా ఆనుకుంటాయి. వాటిని తొక్కుతున్నదెవరో ఇక్కడి నుంచి కనిపించదు. స్వరూపకు కనిపిస్తున్నట్టుంది. తలెత్తి, నేనెప్పుడూ చూడని నవ్వు నవ్వుతోంది.

నేను రెండు బ్రేకులూ బలం కొద్దీ పట్టుకుంటాను. పైన నాలుగు చక్రాలూ తిరుగుతూనే ఉన్నాయి.