బావ ఎంచుకున్న ఊయల

బస్సు డిపోలో బ్రేకులు చూసే మెకానిక్కుకీ, సర్వే ఆఫీసులో పనిచేసే అతని బావకీ ఉప్పూ నిప్పూ వరస. ఒక్క విషయంలో మాత్రం పొత్తు కుదిరేది. సెలవు దొరికితే చాలు, డేరా భుజాన వేసుకుని ఇద్దరూ అడవిలోకి పోయేవాళ్ళు. బావ ఏ వస్తువు కొన్నా పదిసార్లు ఆలోచించేవాడు. మెకానిక్కు ముందు కనిపించింది కొనేసి, తర్వాత తీరిగ్గా తిట్టుకునే రకం.

"నీకు డబ్బిచ్చి పంపితే గొడుగు బదులు జల్లెడ తెస్తావు," అనేవాడు బావ.

"అయినా నన్నే తోడు తీసుకుపోతావుగా," అనేవాడు మెకానిక్కు.

నిరుడు బావ కుడికాలు ఈడ్చుకుపోవడం మొదలైంది. అందరూ బెణుకనుకున్నారు. ఆ తర్వాత చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైంది. డాక్టరమ్మ మెత్తగానే చెప్పింది కానీ మాట మాత్రం గట్టిది. ఇది నరాల జబ్బు, వెనక్కి తగ్గేది కాదు, మందులు కాస్త ఆలస్యం చేస్తాయి, అంతే. గుట్టలెక్కి పొలాలు కొలిచిన మనిషి ఆ మాట విని, ఆస్పత్రి మెట్లు ఒక్కొక్కటే దిగుతూ, "నేలమీద పడుకుంటే ఇక లేవలేనురా. చెట్ల మధ్య కట్టే ఊయల, హ్యామక్ ఒకటి చూడాలి," అన్నాడు.

మెకానిక్కు తలూపాడు.

ఆ రోజు నుంచి బావకి అదే లోకం. ఫోన్లో వీడియోలు చూడటం, కనిపించిన వాళ్ళకల్లా చెప్పడం. వల అల్లిక అయితే వీపుకి తాళ్ళు దిగుతాయట. రెండు చివర్లా కర్ర ఉన్నది చూడ్డానికి బాగుంటుంది కానీ కాస్త కదిలితే బోర్లా పడేస్తుందట. పొడవాటి గుడ్డ ఊయలే మేలు, అందులో ఐమూలగా పడుకుంటే నడుము వంగదట.

"ఈ వయసులో ఊయలేంటండీ? జోలపాట కూడా నేనే పాడాలా?" అంది అక్క, తమ్ముడి ముందు టీ పెడుతూ.

"నువ్వు పాడితే అడవిలో జంతువులు పారిపోతాయి," అన్నాడు బావ.

అక్క నవ్వుతూనే వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి నీళ్ళ చప్పుడు చాలాసేపు ఆగలేదు. కడగడానికి అక్కడ గిన్నెలేమీ లేవని మెకానిక్కుకి తెలుసు.

ఆదివారం ఇద్దరూ కొట్టుకి వెళ్ళారు. డేరాలు, బూట్లు, లాంతర్లు అమ్మే పెద్ద కొట్టు. వెనకవైపు రెండు ఇనప స్తంభాల మధ్య ఊయలలు కట్టి చూపిస్తారు. అమ్మకాలు చూసే అమ్మాయి చెప్పబోతుంటే బావే ఆమెకి పాఠం మొదలుపెట్టాడు. పట్టీ వెడల్పుగా ఉండాలి, లేకపోతే చెట్టు బెరడు కోసుకుపోతుంది. మరీ బిగించి కట్టకూడదు, కాస్త జారుగా ఉండాలి. దోమతెర విడిగా కాదు, కలిపి కుట్టిందే కావాలి.

"సార్ అడవుల్లో చాలా తిరిగినట్టున్నారే," అంది అమ్మాయి.

"తిరిగానమ్మా," అన్నాడు బావ.

ఆకుపచ్చ గుడ్డది కట్టించాడు. మెకానిక్కు చంకల కింద పట్టుకుని కూర్చోబెట్టాడు, తర్వాత కాళ్ళు ఎత్తి లోపల పెట్టాడు. బావ ఐమూలగా ఒరిగి కళ్ళు మూసుకున్నాడు. ఊయల మెల్లగా ఊగింది. ఆ ముఖంలో అంత హాయి చూసి ఎన్నాళ్ళయిందో. మెకానిక్కు అటు తిరిగి లాంతర్లు చూస్తున్నట్టు నటించాడు.

కాసేపటికి, "లేస్తాను," అన్నాడు బావ.

కాలు బయటికి రాలేదు. చెయ్యి గుడ్డ అంచుని పట్టుకుంది కానీ బిగించలేకపోయింది. ఇంకోసారి ప్రయత్నించాడు. గుడ్డ లోపలికి ముడుచుకుని మనిషిని ఇంకా కిందికి దింపింది. పక్క వరసలో బూట్లు చూస్తున్నవాళ్ళు తలలు తిప్పారు. అమ్మాయి ముందుకు రాబోయింది. మెకానిక్కు వద్దని చేత్తోనే చెప్పి, తనే వంగి, బావని ఛాతీకి అదుముకుని పైకి లేపాడు. డిపోలో గేర్‌బాక్సులు ఎత్తిన చేతులవి. బావ బరువు వాటికి ఏ మూలకీ చాలలేదు. ఆ తేలికే అతన్ని భయపెట్టింది.

బావ చొక్కా సర్దుకోబోయి, చేతకాక వదిలేశాడు. "ఇది ఇరుకమ్మా. ఇంకాస్త వెడల్పాటిది చూపించు," అన్నాడు.

అమ్మాయి మెకానిక్కు వైపు చూసింది. "చూపించండి," అన్నాడు అతను.

చూపించింది. బావ ఏదీ ఎక్కలేదు. అన్నీ చేత్తో తడిమి, ప్రతిదానికీ ఒక వంక పెట్టి, వట్టి చేతుల్తో బయటికొచ్చాడు. ఆ తర్వాత కూడా వారానికో ఊయల నచ్చడం, మళ్ళీ వారానికి నచ్చకపోవడం జరుగుతూనే వచ్చింది. తప్పు ఊయలదే అన్నంతకాలం ఇంకోటి వెతకొచ్చు. మెకానిక్కు ఆ సంగతి గ్రహించి, ప్రతివారం డిపో నుంచి వచ్చి, చేతుల గ్రీజు కడుక్కుని, పక్కన కూర్చుని ఊఁ కొట్టేవాడు.

వానలు తగ్గేసరికి బావ మంచం పట్టాడు. మాట ముద్దగా వస్తోంది. ఒకరోజు మెకానిక్కుని దగ్గరికి పిలిచాడు.

"ఆ ఆకుపచ్చదే మంచిది. కొనుక్కో. నువ్వెళ్ళి పడుకుని చూడు. ఎలా ఉందో వచ్చి చెప్పు."

"నువ్వు లేకుండానా?"

"నేనొస్తే నన్ను మొయ్యడానికే నీకు సెలవు చాలదు. పోరా."

మెకానిక్కు అది కొనుక్కుని వెళ్ళాడు. ఎప్పుడూ డేరా వేసే చెరువు గట్టునే, బావ చెప్పినట్టే పట్టీ వేసి, జారుగా కట్టి, ఐమూలగా పడుకున్నాడు. నిద్ర పట్టలేదు. గుడ్డ కిందనుంచి గాలి తగిలి వీపు కొయ్యబారింది. మాట్లాడ్డానికి మనిషి లేడు, తిట్టడానికి అంతకన్నా లేడు. తెల్లారగానే అన్నీ మూటగట్టుకుని తిరిగొచ్చాడు.

బావ అతని కోసమే మెలకువగా ఉన్నాడు. "చెప్పు."

"బ్రహ్మాండం బావా."

"అబద్ధం. నడుము?"

"నడుముకి బానే ఉంది. వీపు మాత్రం చచ్చేంత చలి."

బావ పెదాలు ఒక పక్కకి వంగాయి. అదే ఇప్పుడు అతని నవ్వు. "వీపు కింద పరుపు... వెయ్యలేదా? వెధవా. పల్చటిదైనా... వెయ్యాలి."

"నువ్వు చెప్పలేదుగా."

"మర్చిపోయాను," అన్నాడు బావ. మళ్ళీ, "ఎలా మర్చిపోయాను..." అన్నాడు. కంటి చివర నుంచి నీళ్ళు చెవివైపు జారాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేవలేదు. మెకానిక్కు తన చొక్కా అంచుతో తుడిచాడు.

అక్క తలుపు దగ్గరికొచ్చింది. "పక్కకి తిప్పే వేళయింది తమ్ముడూ. ఒక చెయ్యి వెయ్యి," అంది.

అతను భుజాలు పట్టుకున్నాడు, ఆమె మోకాళ్ళు పట్టుకుంది. ఇద్దరూ కలిసి బావని గోడవైపు తిప్పి, వీపు వెనక దిండు పెట్టారు.