మావిస్‌కు రాని భూతకాలం

మావిస్ ముప్పై ఒక్క ఏళ్లు నాలుగో తరగతి పిల్లలకు వ్యాకరణం చెప్పింది. కట్టుకున్నవాణ్నీ వదల్లేదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు తీరంలో పడవల ఇంజన్లు బాగుచేసే భర్త ఆరిన్ "ఐ డన్ ఇట్" అన్నప్పుడల్లా, పొయ్యి దగ్గర్నుంచే "డిడ్! ఐ డిడ్ ఇట్!" అని అరిచేది.

మార్చిలో ఆమెకు పక్షవాతం వచ్చింది. చెయ్యి బాగుపడింది కానీ మాట సగమే తిరిగొచ్చింది. జరిగిపోయినవి చెప్పడం చేతకాలేదు. మాట నేర్పడానికి వచ్చే గ్రెచెన్ "నిన్న ఏం తిన్నారు?" అని అడిగితే "తింటాను... సూప్" అనేది. "వెంట్" అనాల్సిన చోట "గో"కు "ఎడ్" తగిలించి "గోడ్" అనేసి, తప్పని తెలిసి సిగ్గుతో కుంచించుకుపోయేది.

ఒకరోజు పొద్దున రొట్టెకు వెన్న రాస్తూ, "డేరిల్ వస్తాడు. ఆకలి వాడికి," అంది.

డేరిల్ వాళ్ల ఒక్కగానొక్క కొడుకు. పడవ తిరగబడి చనిపోయి ఆరేళ్లయింది.

ఆరిన్‌కు దిద్దడానికి నోరు రాలేదు. "వస్తాడులే. వాడికి ఇంకో ముక్క కాల్చు," అన్నాడు. ఆరేళ్లుగా ఆ పేరెత్తని ఇంట్లో మాటలు మొదలయ్యాయి. డేరిల్ ఈల వేస్తాడు. డేరిల్‌కు ఉల్లిపాయ గిట్టదు. ఆరిన్‌కు ప్రాణం లేచొచ్చినట్టుండేది.

గ్రెచెన్ పసిగట్టింది. "మీరు దిద్దకపోతే ఆవిడకు భూతకాలం రాదండీ."

"ఆ ఒక్కటీ రాకపోతే ఏమైందమ్మా? ఇలా బానే ఉన్నాం కదా!"

"మీరు బానే ఉన్నారు. ఆవిడ రాసి సాధన చేసుకునే పుస్తకం ఎప్పుడైనా తెరిచి చూశారా?"

ఆ మధ్యాహ్నం మావిస్ కునుకు తీస్తుంటే ఆరిన్ చూశాడు. వంకర అక్షరాలతో పేజీలకు పేజీలు ఒకే మాట. సెండ్. సెండెడ్, దాని మీద కొట్టివేత. సెంట్. మళ్లీ సెండెడ్, మళ్లీ కొట్టివేత.

తలెత్తేసరికి మావిస్ గుమ్మంలో నిలబడి ఉంది. పుస్తకం లాక్కోలేదు. మాటలు కూడదీసుకుంది.

"ఆ రోజు... గాలి. వాడు వద్దు అన్నాడు." ఊపిరి తీసుకుంది. "పిరికి... అన్నాను. నేను పంపాను, ఆరిన్. నేనే పంపాను."

భూతకాలంలో ఒక్క తప్పు లేదు. ఆరేళ్లుగా గొంతులో అడ్డంపడ్డ మాట అదే అని ఆరిన్‌కు అప్పుడు తెలిసింది. దీనికోసమా ఇన్నాళ్లూ అంత కష్టపడింది!

"అలలు నేనూ చూశానే," అన్నాడు. "నేనూ ఆపలేదు."

ఆమె తల అడ్డంగా ఊపింది. ఓదార్పు ఆమెకు అక్కర్లేదు. చెప్పుకోవాలి, అంతే. ఆరిన్ కుర్చీ జరిపి ఆమెను కూర్చోబెట్టాడు. ఆమె మళ్లీ మొదట్నుంచీ, ఒక్కో మాటా పట్టి పట్టి చెప్పసాగింది. అతను ఏడుస్తూ విన్నాడు.