పోశాలు వేసుకున్న గోలి

పదో తాటిచెట్టు తలలో కూర్చొని పోశాలు కుడిచేతిని చాపి చూసుకున్నాడు. వణకడం లేదు. నాలుక కాస్త ఎండినట్టుంది, అంతే. కత్తి తీసి గెల కొసను ఉల్లిపొరంత పలుచగా చెక్కాడు. చుక్క ఊరింది. కల్లు లొట్టి కట్టి, మళ్లీ చెయ్యి చూసుకున్నాడు.

పొద్దున సద్ది తిన్నాక ఎవరూ చూడకుండా ఒక మందుగోలి మింగి వచ్చాడు. అది అతనిది కాదు, కూతురిది.

శృతికి పదిహేడేళ్లు. జనగామలో ఇంటర్ చదువుతోంది. అర్ధ సంవత్సర పరీక్షలు దగ్గరపడ్డప్పటి నుంచి బస్సెక్కితే ఊపిరాడక, అరచేతులు చెమటలు పట్టి, నడిదారిలో దిగిపోయేది. రెండు నెలలుగా కాలేజీకే పోలేదు. దిష్టి తీయించారు. గుండె పరీక్ష చేయించారు. చివరికి జనగామలో ఒక డాక్టరమ్మ పిల్లతో గంటసేపు మాట్లాడి, ఇది ఆందోళన జబ్బు అని చెప్పింది. వారం వారం వచ్చి మాట్లాడాలంది. దాంతోపాటు ఈ గోలి, మొదట సగం, తర్వాత ఒకటి. మొదట్లో కుదురు లేనట్టు ఉండొచ్చు, పిల్లను కనిపెట్టుకొని ఉండండి, తేడా వస్తే వెంటనే ఫోన్ చేయండి, మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు అంది.

ఆ ‘ఆపొద్దు’ దగ్గరే పోశాలు చిక్కుకుపోయాడు. ఎనిమిది రోజులుగా గోలీలు అద్దం వెనక అలాగే ఉన్నాయి. భార్య విజయ ఇద్దామంటుంది. అతను ఇంకో నాలుగు రోజులు చూద్దామంటాడు. శృతి ఇద్దరి మొహాలూ చూస్తుంది.

అతని భయానికి కారణం ఉంది. ముప్పై ఏళ్లుగా కల్లు గీస్తున్నాడు. చెట్టు ఇచ్చింది తప్ప లొట్టిలో ఇంకొకటి కలిపి ఎరగడు. కానీ అతని పడుచుతనంలో పక్క ఊళ్లో మత్తుమందు కలిపిన కల్లు పట్టుబడి దుకాణం మూతపడింది. ఆ కల్లుకు అలవాటుపడ్డ మేనమామ గట్టయ్య, అది దొరక్క మూడో రోజుకు మంచం పట్టె పట్టుకొని వణికాడు. ఒంటి మీద చీమలు పాకుతున్నాయని రక్తం వచ్చేలా గోక్కున్నాడు. గోలి అంటే చాలు, పోశాలుకు ఆ మంచం చప్పుడు వినిపిస్తుంది.

అందుకే తానే వేసుకొని చూద్దామనుకున్నాడు. మత్తు సంగతి తనకు తెలిసినంత ఎవరికి తెలుసు? ముందు రెండు పొట్టి చెట్లెక్కి, కాళ్ల మీద నమ్మకం కుదిరాకే పెద్ద చెట్ల దగ్గరికి వచ్చాడు.

కిందికి దిగేసరికి లచ్చవ్వ తాటాకు దొప్ప పట్టుకొని నీడలో కూర్చుంది. రోజూ కల్లుకు వచ్చే ముసలమ్మ.

“అవ్వా, నా కండ్లెట్లున్నయో జర చూడు.”

ఆమె తలెత్తి చూసింది. “ముక్కుకు రెండు దిక్కుల మంచిగనే ఉన్నయి.”

“ఎర్రగైనయా? మాట తడబడుతున్నదా?”

“ఏందిరా, తాగినవా?”

“లే. గోలేసుకున్న.” దొప్పలో కల్లు వంపుతూ అంతా చెప్పాడు. అలవాటైతే ఎట్లా అన్న భయం కూడా చెప్పాడు.

లచ్చవ్వ దొప్ప ఖాళీ చేసి మూతి తుడుచుకుంది. “నేను బీపీ గోలి పన్నెండేండ్ల సంది ఏసుకుంటున్న. అలవాటే గదా. అలవాటు కాకుంటే ఎప్పుడో పోదును.” దొప్ప మళ్లీ చాపుతూ అడిగింది. “లోపల ఎట్లుంటదో పిల్లనడిగినవా?”

అడగలేదు. తిన్నవా, పండుకున్నవా అని అడిగాడు గానీ అది అడగలేదు.

ఇంటికి చేరేసరికి శృతి గోలీల అట్ట పట్టుకొని అరుగు మీద ఉంది. “బాపూ, ఒకటి లేదు.”

“నేనేసుకున్న. ఎట్లుంటదో చూద్దామని.”

“ఏసుకొని చెట్టెక్కినవా?”

విజయ చీపురు చేత్తోనే బయటికొచ్చింది. “నీకు సోయి ఉన్నదా? పిల్లకిచ్చిన మందు నువ్వు మింగుతవా? పడితే మాకెవలు దిక్కు?”

“ఇంకెన్నడు ఏసుకోను,” అన్నాడు తల దించుకొని.

“మరి ఎట్లుండె?” అంది శృతి. ఆ అడగడంలో భయం కన్నా ఆత్రమే ఎక్కువ వినిపించింది.

“ఏం లేదు బిడ్డా. నోరెండింది. రెండు ఆవలింతలొచ్చినయి. మత్తయితే కాదు.”

“ఒక్కదానికి ఏం తెలుస్తది? మూడు నాలుగు వారాలైతదని డాక్టరమ్మ చెప్పలే?”

చెప్పింది. అతనే వినలేదు. పక్కన కూర్చున్నాడు. “నీకు బస్సుల ఎట్లుంటది?”

శృతి అట్టను ఒళ్లో పెట్టుకుంది. “చెట్టు మీద నీ నడుముకున్న మోకు ఎప్పుడన్న జారిందా?”

“ఒక్కసారి. జానెడు జారి ఆగింది.”

“గప్పుడెట్లుండె?”

“చెవులు మూసుకపోయినయి. కడుపుల చల్లగైంది. సచ్చిననుకున్న.”

“నాకు గట్లనే ఉంటది బాపూ. కాని నాది ఆగది.”

ఆ జానెడు జారాక మూడు రోజులు తాను తాటివనం వైపే పోలేదు. ఈ పిల్ల అలా జారుతూనే వారాల తరబడి బస్సెక్కింది. పోశాలు లేచి కత్తి కడిగాడు. గోలిని పీట మీద పెట్టి, ఊపిరి బిగబట్టి, సరిగ్గా మధ్యకు కోశాడు. శృతి సగం మింగింది.

ఇన్నాళ్లూ ఇద్దామన్న విజయే ముందుగా భయపడింది. “ఎట్లున్నది బిడ్డా?”

“ఇంకా గొంతుల్నే ఉన్నదమ్మా.”

మొదటి వారం కష్టంగానే గడిచింది. శృతికి నిద్ర పట్టలేదు, కాలు నిలవలేదు. పోశాలు డాక్టరమ్మకు రెండుసార్లు ఫోన్ చేశాడు. తాను వేసుకున్న సంగతి కూడా చెప్పి తిట్లు తిన్నాడు. మూడో వారం పిల్ల కడుపునిండా అన్నం తింది. నాలుగో వారం తండ్రితో బస్సులో దారిలోని నర్మెట్ట దాకా పోయి వచ్చింది.

ఆరో వారం సోమవారం పోశాలు చెట్లు దిగి వచ్చేసరికి ఇల్లు నిమ్మళంగా ఉంది.

“పోయింది,” అంది విజయ. “ఎనిమిదిన్నర బస్సుకు.”

“ఒక్కతేనా?”

“నేనొస్తనంటే వద్దన్నది.”

నడిదారిలో దిగిందో, జనగామ దాకా పోయిందో ఇద్దరికీ తెలియదు. ఫోన్ చేద్దామా అన్నట్టు విజయ చూసింది. వద్దన్నట్టు అతను తలూపాడు. ఇదివరకు బయలుదేరే ముందు సంచిని నాలుగుసార్లు తీసి చూసుకునే పిల్ల, ఇవాళ టిఫిన్ డబ్బా మరిచిపోయి పరుగెత్తింది. అది అరుగు అంచున ఉంది, మూత ఇంకా వేడిగానే.