ఆడోళ్ల పని

కత్తి చెవి కింద మొదలై దవడ దాకా వచ్చి ఆగిపోయింది. హనీఫా ఊపిరి బిగబట్టింది.

"నడుమల ఆపకే," అన్నాడు మంచం మీది నుంచి బాలయ్య. "ఆపితే కత్తి కొరుకుతది. ఎడమ చేత్తోని తోలు గుంజి పట్టు."

"గుంజే పట్టిన," అంది జంగమ్మ.

"పట్టలే. సప్పుడు చెప్తాంది."

కత్తి పట్టిన జంగమ్మ బాలయ్య భార్య. ఆ వాడలో పుట్టినవాళ్లలో సగం మందికి బొడ్డు కోసిన చెయ్యి అది. మనిషి గొంతు మీద కత్తి ఆనించడం మాత్రం దానికి ఇదే మొదలు. వేళ్ల సందుల్లో సబ్బునురగ జారుతుంటే ఆమె రెండుసార్లు చీర కొంగుకు తుడుచుకుంది.

బాలయ్యకు వాళ్లు కనిపించరు. కిందటి సంతనాడు తెల్లవారి లేవబోతే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి కొంచెం పక్కకు పోయింది గాని మాట మిగిలింది. మెడ తిరగదు కనుక పాక కప్పు వైపు చూస్తూ, కత్తి చప్పుడు వింటూ పని చెబుతున్నాడు.

అతని చెయ్యి పడిపోయిన నాటి నుంచి హనీఫా ఇల్లు కదలలేదు. గాజులు అమ్మే మనిషి ఇంట్లో కూర్చుంటే గాజులు పాడవవు, అలవాటు పాడవుతుంది. గిరాకీ ఇంకో గుమ్మం వెతుక్కుంటుంది. అది తెలిసి కూడా ఆమె తలుపు తీయలేదు. పెరిగిన గడ్డంతో ఆడవాళ్ల చెయ్యి చేతిలోకి తీసుకోవడం ఆమె వల్ల కాదు. కాని ఈ పొద్దు ప్రమీలమ్మ ఇంట్లో పెళ్లిగాజులు. పెళ్లికూతురి చేతికి గాజులు ఎవరు తొడిగితే ఆ ఊరి చేతులన్నీ ఏడాది పొడుగునా వాళ్లవే. అందుకే ఇంకా చీకటి ఉండగానే కొంగు కళ్ల దాకా లాక్కుని వచ్చి బాలయ్య తలుపు తట్టింది.

బాలయ్య కొడుకు మల్లన్న అప్పటికి లేచే ఉన్నాడు. బస్‌స్టాండు దగ్గర హైవే మీద వాడికి క్షౌరం దుకాణం ఉంది. "దుకాణంల కుర్చీ ఖాళీనే ఉంటది. అందరు కూసునే కాడ కూసుంటే ఏం పోతది?" అని వెళ్లిపోయాడు.

ఏం పోతుందో హనీఫాకు తెలుసు. ఆ కుర్చీలో ఒక్కసారి కూర్చుంటే గడ్డమూ పోతుంది, గిరాకీ కూడా పోతుంది.

అప్పుడు బాలయ్య భార్యను పిలిచాడు. "కత్తి నువ్వు తీస్కో."

"నాకేమొస్తది? గడ్డం గీసుడు మొగోళ్ల పని," అంది జంగమ్మ.

వాళ్ల ఇంట్లో పని పంపకం ఎప్పటి నుంచో ఉన్నదే. మగవాళ్ల తలలు, గడ్డాలు బాలయ్యవి. పురుళ్లు, బాలింతల స్నానాలు, పెళ్లికూతుళ్ల గోళ్లు జంగమ్మవి. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టింది లేదు.

"గిది ఆడోళ్ల పనే," అన్నాడు బాలయ్య. "ఆడోళ్ల పని మనింట్ల ఎవలది? నీది. గిన్నొద్దులు నీ పని నేను చేసిన."

జంగమ్మ హనీఫా ముఖం చూసింది, చాపను చూసింది. తర్వాత కత్తి అందుకుంది.

ఇప్పుడు ఒక వరస పైనుంచి కిందికి అయిపోయింది. అసలు కష్టం రెండో వరస. కింది నుంచి పైకి, వెంట్రుకకు ఎదురు నడపాలి. అలా గీస్తేనే సాయంత్రం దాకా నలుపు తేలదు.

"ఎదురు పోయేటప్పుడు కత్తిని పండవెట్టు. నిలవెట్టినవంటే తెగుతది," అన్నాడు బాలయ్య.

హనీఫా తల వెనక్కి వాల్చింది. గుటక మింగడానికి భయపడింది. గొంతు ముడి మీదుగా కత్తి పైకి వచ్చింది. గడ్డం కింద చురుక్కుమంది. జంగమ్మ చెయ్యి గాలిలో నిలిచిపోయింది.

"తెగిందా?" అన్నాడు బాలయ్య.

"ఇంతే. ఆవగింజంత."

"పటిక వెట్టు. ఎడమ దవడ మూలకు సప్పుడు తక్కువైంది. మల్లొకసారి వోనియ్యి."

రక్తం చుక్క చూసిన తర్వాత జంగమ్మకు ధైర్యం చాలలేదు. "నున్నగనే ఉన్నది పో," అని నీళ్లతో తుడిచేసింది. బయట వెలుతురు వస్తోంది. హనీఫా కూడా చాలంది. గాజులు గుచ్చిన మలారం భుజాన వేసుకుని బయలుదేరింది.

హనీఫా కొల్లాపూర్‌లో పుట్టింది. గాజుల తాజుద్దీన్‌కు ఒక్కడే కొడుకు, హనీఫ్. తండ్రి వెనక ఊళ్లు తిరుగుతూ గాజులు తొడగడం నేర్చుకుంది. గాజును గుప్పిట దాటించడంలో ఆయనది ఒక పద్ధతి. బొటనవేలిని చిటికెనవేలి కిందికి మడిచి, వేళ్ల మొదళ్లను మెత్తగా నలిపి, సరిగ్గా ఎముక దాటే చోట ఒక ప్రశ్న అడిగేవాడు. మనిషి జవాబు వెతుక్కునే లోపు గాజు మణికట్టు చేరేది. నొప్పి తెలిసేది కాదు.

మీసాలు మొలిచే ఈడులో హనీఫ్ ఆ ఇల్లు విడిచాడు. హైదరాబాద్‌లో తనలాంటి వాళ్లుండే ఒక ఇంట్లో చేరి, పేరుకు ఒక దీర్ఘం చేర్చుకుని హనీఫా అయింది. ఆ ఇంటి పెద్ద కత్తి ముట్టనిచ్చేది కాదు. కత్తి మగవాళ్లది, చిమటాతో ఒక్కొక్క వెంట్రుకా పీక్కోవాలనేది. హనీఫాది పీకితే వాచే చర్మం. చీము పట్టి, జ్వరం వచ్చి, ముఖం ఉడికిన గడ్డలా అయింది. చప్పట్లు కొట్టి అడుక్కునే బతుకు కూడా ఆమెకు పట్టుబడలేదు. చేతికి వచ్చిన విద్య ఒకటి ఉండగా చెయ్యి చాపడం వ్యాపారం తెలిసిన మనిషికి నచ్చదు. తిరిగి ఈ దిక్కు వచ్చింది. కొల్లాపూర్ మాత్రం పోలేదు. అక్కడ ఆ దీర్ఘం ఎవరూ పలకరు. బస్సు కొత్తకోటలో ఆగితే దిగిపోయింది.

తనే గీసుకుంటే దవడంతా పొక్కులు. కత్తి ఎదురు నడపడం ఎవరికి వారికి చేతకాదు. అలా బాలయ్య దొరికాడు. మొదటి రోజు అతను ఏమీ అడగలేదు. వెనక పాకలో చాప పరిచి తలుపు దగ్గరికి వేశాడు. ఆ పొద్దు నుంచి ఊళ్లో ఆమె బతుకు ఆ చాప మీద మొదలవుతూ వచ్చింది. కొత్తకోట ఆడవాళ్లకు సంగతి తెలియక కాదు. తెలిసినదాన్ని తెలియనట్టు ఉంచడం కూడా ఒక బేరమే. ఆమె నున్నటి ముఖంతో వస్తుంది, వాళ్లు చేతులు చాపుతారు. రెండు పక్కలా మాట తప్పకూడదు.

ఇప్పుడు మండలాలు పెట్టిన మరుసటేడు వేసవి. బాలయ్య ఇంటి నుంచి మలారంతో హైవే దాటుతుంటే లారీ మీద నుంచి క్లీనర్ ఒకడు ఈల వేసి, "ఓ గాజుల బావా!" అని అరిచాడు. హనీఫా తల తిప్పలేదు. కొంగు సర్దుకోబోతే వేళ్లు ఎడమ దవడ మూలకు తగిలాయి. గరుకు. వేలి కొస అంత జాగాలో వెంట్రుక అలాగే ఉంది. బాలయ్య విన్నది నిజమే.

వెనక్కి పోదామంటే పొద్దెక్కింది. కొంగు ఎడమ వైపుకు లాక్కుని నడిచింది.

ప్రమీలమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది. పల్లికాయ పండించే ఇల్లు, మనిషి నిక్కచ్చి. "వచ్చినవా హనీఫమ్మా," అని దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "మగపెండ్లోల్లు గూడ దిగిన్రు. ఆళ్ల ఆడోళ్లకు గూడ తొడుగాలె. జర చూస్కొని నడువు. కొల్లాపూరోల్లు, నోరు పెద్దది."

కొల్లాపూర్. హనీఫా కాళ్లు గడప దగ్గరే నిలిచిపోయాయి. వెనక్కి తిరగడానికి ఒక సాకు వెతికింది. దొరకలేదు. పెళ్లికూతురు అప్పటికే పీట మీద కూర్చుని చేతులు చాపింది.

ఎడమ పక్క గోడ ఉండేలా చూసుకుని కూర్చుంది. మలారానికి పసుపు, కుంకుమ పెట్టారు. ఆకుపచ్చ గాజు తీసింది. పెళ్లికూతురి చెయ్యి చెమటతో జారుతోంది. చేతిని మడిచి, నలిపి, ఎముక దాటే చోట అడిగింది: "అత్తగారి ఊరికి బస్సు ఏ యాళ్లకు బిడ్డా?" పిల్ల నవ్వే లోపు గాజు ఎక్కింది.

ఎదురుగా పీట మీద కూర్చున్న ముసలావిడ ఆ చేతుల వైపే చూస్తోంది. పెళ్లికొడుకు నాయినమ్మ, పేరు బక్కమ్మ. పేరుకు తగ్గట్టే ఎముకల గూడు. కళ్లు మాత్రం గట్టివి. ఇంకో గాజు, ఇంకో ప్రశ్న. బక్కమ్మ మెల్లగా లేచి వచ్చి, గోడకూ హనీఫాకూ మధ్య ఉన్న కాస్త సందులో చతికిలబడింది. ఎడమ పక్కనే.

"గిట్ల అడుక్కుంట తొడిగెటోడు మా ఊర్ల ఒక్కడుండె," అంది. "తాజుద్దీన్ అని. నా పెండ్లి గాజులు ఆయనే తొడిగిండు."

"గాజులోల్లు అందరు అడుగుతరు అవ్వా," అంది హనీఫా, తల ఎత్తకుండా.

"అందరు అడుగరు. ఆయనే. ఒక్కడే కొడుకుండె ఆయనకు. ఎటో పోయిండు."

పెళ్లికూతురి చేతిలో ఒక గాజు చిట్లింది. ఆడవాళ్లు అయ్యో అన్నారు. పెళ్లిగాజు చిట్లడం మంచిది కాదు. హనీఫా ముక్కలు ఏరి పక్కన పెట్టి, పిల్ల మణికట్టు గీసుకుపోలేదని చూసుకుని, ఇంకొకటి తీసింది. ఎండ తలుపు దాకా వచ్చింది. చెమట పడుతోంది. చెమట పడితే వెంట్రుక తొందరగా తల ఎత్తుతుందని ఆమెకు తెలుసు. పెళ్లికూతురు లేచింది, ఇద్దరు వదినలు కూర్చున్నారు, వాళ్ల వెనక కొల్లాపూర్ నుంచి వచ్చిన ఆడపిల్లలు. అన్నీ చాపిన చేతులే. ఇంతకాలం ఆమె కోరుకున్నది అదే. ఇప్పుడు ఒక్కొక్క చెయ్యీ ఆమెను అక్కడే కట్టేస్తోంది.

పొద్దు వాలేటప్పటికి గాజులు అయిపోయాయి. ఆడవాళ్లు పసుపు గిన్నె తీశారు. పెళ్లింట్లో ఒకరి చెంపలకు ఒకరు పూసుకోవడం రివాజు. హనీఫా గబగబా మలారం సర్దుకుని లేవబోయింది. మోకాలి మీద ఒక చెయ్యి పడింది.

"కూసో," అంది బక్కమ్మ. గిన్నెలో అరచెయ్యి ముంచింది. "మీ నాయిన పేరేంది బిడ్డా?"

హనీఫా జవాబు వెతుక్కుంది. ఆ లోపే అరచెయ్యి ఎడమ చెంప మీదికి వచ్చింది. చెంప మీద నుంచి దవడకు, దవడ నుంచి ఆ మూలకు. అక్కడ ఆగింది. వేళ్లు గరుకు మీద ఒకసారి వెనక్కి, ముందుకు కదిలాయి. గడ్డం కింద తెగిన చోట పసుపు భగ్గుమంది.

"తాజుద్దీన్," అంది హనీఫా. ఇంకో పేరు నోటికి రాలేదు.

చుట్టూ పసుపు పూసుకునే చేతులు ఆగాయి. ప్రమీలమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. పెళ్లి ఆమె ఇంట్లోది. చెడితే ఆమెదే చెడేది. ఆమె హనీఫా వైపు చూడలేదు, ముసలిదాని పెదవుల వైపు చూసింది.

బక్కమ్మ రెండో చెంపకు కూడా పసుపు పూసింది. తీరిగ్గా, చెవి దాకా. చెయ్యి తుడుచుకుంది.

"తాజుద్దీన్‌కు ఆడపిల్ల ఉన్నట్టు మాకు తెల్వకపాయె," అంది. తర్వాత గుమ్మం వైపు తిరిగింది. "ఏమమ్మా, గాజులామెకు రవికగుడ్డ పెట్టవా? మా దిక్కు పెడ్తరు."

ప్రమీలమ్మ లోపలికి పరుగున పోయింది. ఎర్ర రవికగుడ్డ, అందులో బియ్యం, ఎండుకొబ్బరి కుడుక, తమలపాకులు. ఒళ్లో పోయించుకున్న హనీఫాకు కుడుక బరువు తప్ప ఇంకేమీ తెలియలేదు. ఊళ్లో ఇన్నేళ్లు గాజులు తొడిగింది. ముత్తైదువకు పెట్టినట్టు ఎవరూ పెట్టింది లేదు.

బయటికి వచ్చాక వేగంగా నడిచింది. బాలయ్యకు చెప్పాలి. అన్నా, నీ చెవి విన్నదే నిజం, ఎడమ మూల మిగిలింది, మిగిలినా గడిచింది అని చెప్పాలి. రవికగుడ్డ జంగమ్మకు ఇవ్వాలి. కష్టం ఆమెది.

మలుపు తిరగగానే పిడకల పొగ వాసన వచ్చింది. బాలయ్య ఇంటి గుమ్మం ముందు నిప్పు రాజేసి ఉంది. వాకిట్లో ఒక పక్క మగవాళ్లు కూర్చున్నారు. మల్లన్న గోడకు ఆనుకుని తల దించుకున్నాడు. లోపల్నుంచి ఆడవాళ్ల ఏడుపు.

పక్కింటి శ్యామలమ్మ నీళ్ల బిందెతో ఎదురొచ్చింది. "గటుక జావ తాగి పండుకున్నడు. జంగమ్మ లేపబోతే లేవలే," అంది. అంతే.

గాజుల బేరంలో పగిలేదాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి. బాలయ్యను ఆమె ఏనాడూ ఆ లెక్కలో వేయలేదు. పదొద్దులు ఆ ఇంట్లో ఎవరూ కత్తి ముట్టరు. ఆ తర్వాత ఏమిటో తెలియదు. చేత్తో ముఖం తుడుచుకుంది. పసుపు కింద దవడంతా గరుకుదేలింది. వాకిట్లో దీపం వెలుగు నేరుగా ఆమె ముఖం మీదే పడుతోంది.

ఆమె వాకిట్లో ఆగిపోయింది. మగవాళ్లు ఇటు, ఆడవాళ్లు లోపల. నడుమ జాగా లేదు.

"ఏం హనీఫ్ భాయ్," అన్నాడు దుకాణం కుర్చీల దగ్గర పొద్దుపుచ్చే వాడొకడు, చావింట్లోనూ నోరు కట్టుకోలేక. "గిటు రా. కట్టెలు మొయ్యాలె, మొగోళ్లు తక్కువైన్రు."

ఒకరిద్దరు నవ్వు ఆపుకున్నారు. మల్లన్న తల ఎత్తి చూసి మళ్లీ దించుకున్నాడు. హనీఫా ఒక అడుగు వెనక్కి వేసింది.

లోపల ఏడుపు ఒక్క క్షణం ఆగింది.

"హనీఫా!" జంగమ్మ గొంతు బొంగురుగా వచ్చింది. "గాడ నిలవడ్డవేందే? ఆడదానివి, మొగోళ్ల నడుమ నీకేం పని? లోపలికి రా. నా పక్కకు కూసో."

నవ్వు ఆపుకున్నవాళ్లు నేల చూశారు. మల్లన్న కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చాడు.

హనీఫా గుమ్మం దాకా పోయి ఆగింది. ఒళ్లో పసుపు అంటిన మూట ఉంది. పెళ్లింటి సొమ్ము చావింట్లోకి తేకూడదు. దాన్ని తీసి వాకిలి గోడ మీద పెట్టి, చెప్పులు విడిచి, తల వంచి, ఆడవాళ్ల మధ్యకు పోయింది. మళ్లీ ఏడుపు లేచింది. అందులో ఒక గొంతు మిగిలినవాటి కంటే లోతుగా ఉంది. దాని వైపు ఎవరూ తిరిగి చూడలేదు.

గోడ మీద ముడి వదులైన ఎర్ర రవికగుడ్డ కొస పొగ గాలికి లేస్తూ, కుడుక బరువుకు మళ్లీ వాలుతూ ఉంది.