మోకాళ్ళ కింద దిండు

కుట్టుపనామె శవపేటిక లోపలి తెల్లగుడ్డకు కుచ్చులు పెడుతోంది. పక్కన వడ్రంగి మేస్త్రీ మూతకు చిత్రిక పడుతున్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఆమెది ఇదే పని.

"అంత సన్నగా కుట్టకమ్మా. బాలేదని వెనక్కి తెచ్చేవాళ్ళెవరూ లేరు," అన్నాడు మేస్త్రీ.

ఆమె నవ్వలేదు. ఈ పెట్టె పాలామె కొడుకుది. పుట్టుకతోనే కాళ్ళు ముడుచుకుపోయినవాడు. చర్చిలో చివరి వరుసలో అతని చక్రాల కుర్చీ పక్కనే కుట్టుపనామె కూతురి కుర్చీ. ముప్ఫై ఏళ్ళొచ్చినా ఆ పిల్లకు నోట్లో ముద్ద పెట్టాలి. తను జారి పడితే, జ్వరమొస్తే, పొద్దున లేవకపోతే దాన్ని ఎవరు చూస్తారు? తనకంటే ఒక్కరోజు ముందు దాన్ని తీసుకుపొమ్మని ఏళ్ళ తరబడి దేవుణ్ణి అడుగుతోంది. ఆయన, అదే అడిగిన పాలామె మాట విన్నాడు. పొద్దుటినుంచి ఈమె కడుపుమంట అదే. పాలామె ఇక నిశ్చింతగా చచ్చిపోవచ్చు.

మధ్యాహ్నం పాలామె వచ్చింది. ఏడ్చిన జాడ లేదు.

"కాళ్ళు తిన్నగా లాగి కట్టేద్దామమ్మా, మూత పడాలి కదా," అన్నాడు మేస్త్రీ. "పరలోకంలో పరిగెడతాడని పాస్టరుగారు కూడా అన్నారుగా."

"సమాధిలోంచి లేచాక కూడా ప్రభువు చేతుల్లో మేకుల గుర్తులు ఉండనే ఉన్నాయి. మావాడి కాళ్ళు మాత్రం ఎందుకు మారుస్తారయ్యా? తిన్నగా ఉంటే నేనెట్లా పోల్చుకోను? పెట్టె ఎత్తు పెంచు."

మేస్త్రీ గొణుక్కుంటూనే పలకలు అతికాడు. కుట్టుపనామె గుడ్డ విప్పి మళ్ళీ కుట్టింది. ఎవరూ అడక్కుండానే చిన్న దిండు కుట్టి మోకాళ్ళు వచ్చేచోట పెట్టింది, ఎడమవైపు కాస్త ఎత్తుగా. కూతురికి రోజూ అలాగే పెడుతుంది.

పాలామె ఆ దిండు తడిమింది. "నన్నెందుకట్లా చూస్తున్నావో తెలుసులే అక్కా."

"నీకు తీరిపోయింది. నా సంగతేంటో."

"ఇంటికెళ్ళి మీ పాపకు తినిపిస్తావుగా. పొద్దున్నుంచీ నేను దానికే కుళ్ళుకుంటున్నా."

బండి వచ్చింది. ఎత్తు పెరిగిన పెట్టె గుమ్మంలో పక్కకు వంచితే గాని బయటికి పోలేదు. పాలామె దాని వెనకే నడిచింది.

కూతురు ఆకలితో ఉంటుందని కుట్టుపనామె గబగబా లేచింది. ఊపిరాడుతోందో లేదో, ఏమయిందో. ఇవాళ్టికి నా మాట వినకు ప్రభువా, అనుకుంది.

కుట్టుమిషను మీద పాలామె వదిలి వెళ్ళిన చెక్క చెంచా ఉంది, కొడుక్కి తినిపించినది, అంచు నిండా పంటి గాట్లతో.